నిలబడ్డ కాలిని చూడండి, మాస్టారూ

తెలుగు ఊళ్ళల్లో కరాటే నేర్పుతున్న మాస్టర్లందరికీ,

నమస్కారం. క్లాసులో అయితే నడుం వంచి "ఒస్" అనేదాన్ని. ఉత్తరం కాబట్టి నమస్కారంతో సరిపెడుతున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా అమ్మాయిని కరాటేలో చేర్చిన కొత్తలో, క్లాసు అయ్యేదాకా గ్రౌండు పక్కన గట్టు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. మూడు నెలలు అలా దిద్దాక, ఇక్కడ కూర్చుని నడుంనొప్పి తెచ్చుకునే బదులు ఆ వరసలో నిలబడి తెచ్చుకుంటే పోలా అనిపించింది. నలభై రెండో ఏట తెల్ల బెల్టు కట్టుకున్నాను. నా పక్కనున్నవాళ్ళంతా రెండో తరగతి, మూడో తరగతి. మొదటి వారమంతా "ఆంటీ, అలా కాదు, ఇలా" అని వాళ్ళే నన్ను దిద్దారు. ఇప్పుడు నాది బ్రౌన్ బెల్టు. బ్లాక్ బెల్టు మీద పెద్ద ఆశ లేదు గానీ, ఒక్క తన్ను మీద మాత్రం ఏళ్ళ తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మవాషి గెరి. మన ఊళ్ళల్లో రౌండ్ కిక్ అంటే అందరికీ తెలుస్తుంది. దాని గురించే ఈ ఉత్తరం.

ఈ మధ్య ఒక బెల్టు పరీక్ష చూశాను. ఏ ఊరో, ఎవరి క్లాసో చెప్పను. ఫంక్షన్ హాలు, వెనక ఫ్లెక్సీ, ముందు టేబులు, టేబులు మీద నీళ్ళ సీసాలు, సర్టిఫికెట్ల కట్ట. పిల్లలు ఐదుగురేసి వచ్చి రౌండ్ కిక్ కొడుతున్నారు. టేబులు వెనక నుంచి ఒకటే కేక: "హై! ఇంకా హై!" ఒక పిల్లాడు కాలు తలకన్నా పైకి లేపాడు. లేపేటప్పుడు చేతులు రెండూ కిందికి జారిపోయాయి, నడుం వెనక్కి విరిగింది, కాలు దిగేసరికి వీపు ఎదుటివాడి వైపు తిరిగింది. హాలంతా చప్పట్లు. వాడి తర్వాత ఒక అమ్మాయి నడుం ఎత్తులోనే కొట్టింది. మోకాలు ముందు లేచింది, నిలబడ్డ కాలి మడమ చక్కగా తిరిగింది, కాలు మళ్ళీ మడతపడి వెళ్ళిన దారినే వెనక్కొచ్చింది, చేతులు గడ్డం దగ్గరే ఉన్నాయి. "స్ట్రెచింగ్ చాలదమ్మా, ప్రాక్టీసు చెయ్యి" అన్నారు టేబులు వెనకవాళ్ళు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు నూరుకున్నాను.

ఎత్తు మీద ఈ మోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. పోటీల రూలే అలా ఉంది. ప్రపంచ కరాటే సమాఖ్య లెక్కలో చేత్తో గుద్దితే 1 పాయింటు, పొట్టకో వీపుకో తన్ను తగిలితే 2, తలకు తన్ను తగిలితే 3. మూడు గుద్దుల ఫలితం ఒక్క తన్నులో వస్తుంటే ఎవరైనా కాలు పైకే చూపిస్తారు. సినిమాల సంగతి సరేసరి. సుమన్, భానుచందర్ తెరమీద కాలు లేపిన రోజుల్లో మా వీధి అబ్బాయిలంతా కరెంటు స్తంభాన్ని తన్ని కుంటుకుంటూ ఇళ్ళకొచ్చేవాళ్ళు. కెమెరాకి ఎత్తు కనిపిస్తుంది. నిలబడ్డ పాదం కనిపించదు, ఫ్రేములోనే ఉండదు.

"ఇది వేల ఏళ్ళ విద్య" అని మీలో చాలామంది మొదటి రోజే పిల్లలకు చెప్తారు. బోధిధర్ముడి కథ కూడా చెప్తారు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, నేనూ విన్నాను. కానీ మవాషి గెరి మాత్రం, ఇప్పుడు మనం కొడుతున్న రూపంలో, మా తాతగారి కన్నా చిన్నది. పాత ఒకినావా కరాటేలో తన్నులు చాలావరకు నడుం కిందే. షోటోకాన్ కాతాలన్నీ వరసగా గుర్తుచేసుకుంటే మవాషి గెరి తగిలేది ఉన్సులో, అదీ నేలకు ఒరిగి పడుకుని కొట్టేది. ఒకినావా నుంచి షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి టోక్యోకి వచ్చింది 1922లో. ఆయన మూడో కొడుకు గిగో, ఇంకో పేరు యోషితాకా, తన్నుల మీద ఎక్కువ పని చేశాడని, ఈ మవాషి గెరి ఈ రూపానికి రావడంలో ఆయన చెయ్యి ఉందని చెప్తారు. 1945లో నలభై నిండకుండానే పోయాడాయన. బెల్టుల పద్ధతి కూడా జూడో నుంచి తెచ్చుకున్నదే. ఫునాకోషి తన శిష్యులకు మొదటి బ్లాక్ బెల్టులిచ్చింది 1924లో. ఇదంతా ఎందుకంటే, ఈ తన్ను శిలాశాసనం కాదు. మనుషులు దిద్దుకుంటూ వచ్చిన పని. మనమూ దిద్దుకోవచ్చు.

నాకు దాన్ని దిద్దింది మీలాంటి మాస్టారే. మా క్లాసుకి అప్పుడప్పుడూ వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చునే పెద్దాయన. అప్పటికి నేను రెండేళ్ళుగా రౌండ్ కిక్ కొడుతున్నాను. కొడుతున్నానని నేననుకోవడమే. కాలు పక్క నుంచి గేటులా ఊగి వచ్చేది. నడుం ఎత్తు దాటితే తుంటి దగ్గర ఎవరో తలుపు వేసినట్టు టక్కున ఆగిపోయేది. వయసు మీద నెట్టేసి ఊరుకున్నాను.

ఆ రోజు ఆయన లేచి వచ్చి, "అమ్మా, ఏదీ ఒకటి కొట్టు" అన్నారు. కొట్టాను. "తన్నే కాలు సంగతి వదిలెయ్. ఈ కాలు చూడు, మేకు కొట్టినట్టు ఎట్లా పాతుకుపోయిందో." అప్పుడు క్లాసు జరుగుతున్న హాలు మూల బ్లాక్‌బోర్డు ఉండేది. దాని కింద నుంచి సుద్దముక్క తెచ్చారు. వంగి, సిమెంటు నేల మీద నా ఎడం పాదం చుట్టూ గీత గీశారు, చిన్నపిల్లలు చెయ్యి పెట్టి బొమ్మ గీసుకున్నట్టు. "ఇప్పుడు మెల్లగా కొట్టు." కొట్టాను. గీత గీతలాగే ఉంది. "తన్నేటప్పటికి ఆ గీత చెరిగిపోవాలమ్మా. మిగిలిందంటే పాదం కదల్లేదన్నమాట. పాదం కదలకపోతే నడుం తిరగదు. నడుం తిరగకపోతే నువ్వు కొట్టేది మోకాలి కింద కాలుతో మాత్రమే."

మళ్ళీ గీశారు. ఈసారి చెయ్యి పట్టుకుని, మోకాలు పైకి లేచే క్షణంలోనే నిలబడ్డ కాలి మడమను ఎదుటివాడి వైపుకు తిప్పించారు. మడమ కాగితం మందం లేస్తే చాలు, వేళ్ళ మొదట్లో ఉండే మెత్త మీద పాదం బొంగరంలా తిరగాలి. తన్ను తగిలేసరికి నా వేళ్ళు దాదాపు వెనక్కి చూస్తున్నాయి. నేల మీద సుద్ద అంతా అర్ధచంద్రంలా పూసుకుపోయింది. కాలు, నేను కష్టపడకుండానే, జానెడు పైకి వెళ్ళింది. నలభై నాలుగేళ్ళ కాలు! తుంటిలో ఉన్న ఆ తలుపు తెరుచుకుంది.

అది మాయ కాదు, ఎముకల అమరిక. తొడ ఎముక పైకొస బంతిలా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుంది. వేళ్ళు ముందుకి పెట్టుకుని కాలు నేరుగా పక్కకి లేపితే, కొంత ఎత్తుకి వెళ్ళాక ఆ ఎముక మెడ గిన్నె అంచుకి తగులుతుంది. అక్కడ ఎముకకి ఎముక అడ్డం. ఎంత గుంజినా కండరం సాగుతుందేమో గానీ ఎముక సాగదు. మడమ తిరిగితే నడుం మొత్తం వంగి పక్కకి తిరుగుతుంది, తొడ ఎముక గిన్నెలో ఇంకో కోణంలో కూర్చుంటుంది, దారి తెరుచుకుంటుంది. ఈ గిన్నె లోతు, కోణం మనిషికీ మనిషికీ మారతాయి. అందుకే కొందరు పిల్లల కాలు ఎన్నేళ్ళు సాధన చేసినా తల ఎత్తుకి వెళ్ళదు. అది వాళ్ళ బద్ధకం కాదు.

బలం ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా అదే పాదం చెప్తుంది. ఇంట్లో రోకలి ఉంటే కొస పట్టుకుని గిర్రున తిప్పి చూడండి, తర్వాత నడిమధ్య పట్టుకుని తిప్పండి. రెండోది ఎంత తేలికో. కాలు చాచి తిప్పేవాడు రోకలి కొస పట్టుకున్నవాడు. మోకాలు బిగువుగా మడిచి, మడమ పిర్ర దగ్గర పెట్టుకుని తిప్పితే కాలు పొట్టిదై నడుంతో పాటు చురుగ్గా తిరుగుతుంది. నడుం తిరిగి ఆగబోతున్నప్పుడు మోకాలి కింది భాగం విదిలిస్తే, ఉతికిన తడి తువ్వాలు దులిపినప్పుడు కొస ఛళ్ళుమన్నట్టు పాదం తగులుతుంది. ఆ ఛళ్ళుమనడం నాకు మొదటిసారి ప్యాడ్ మీద వినిపించినప్పుడు, ప్యాడ్ పట్టుకున్న ఇంటర్ అబ్బాయి వెనక్కి ఒక అడుగు వేసి "ఏంటాంటీ!" అన్నాడు. ఆ రోజు ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్ళాను.

ఇక నేల సంగతి. ఇది మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

కరాటే పుస్తకాల్లో మడమ తిప్పండి అని రాసేవాళ్ళు చెక్క నేల మీద నేర్చుకున్నవాళ్ళు. మన క్లాసులు ఎక్కడ జరుగుతాయి? హైస్కూలు గ్రౌండులో, మునిసిపల్ పార్కులో, గుడి పక్క ఖాళీ స్థలంలో. మొరం, కంకర, ఇసుక, ఎండిపోయిన గడ్డి మొదళ్ళు. ఇంకా కాస్త బాగుంటే గరుకు సిమెంటు. అక్కడ ఉత్తికాళ్ళతో నిలబడి ఒళ్ళు బరువంతా ఒక పాదం మీద వేసి తిప్పడం ఎలా? పాదం నేలని పట్టుకుంటుంది. పైన ఒళ్ళు తిరుగుతుంది. మధ్యలో ఉన్నది మోకాలు. మోకాలు తలుపు బందు లాంటిది, ముందుకీ వెనక్కీ మడవడానికి పుట్టింది. మెలిపెడితే దాని లోపల ఉండే మృదులాస్థి పళ్ళెం చిరుగుతుంది, లిగమెంటు తెగుతుంది. మొదటి ఏడాది మొరం నేల మీద "ఇచి, ని, సాన్" అంటూ వందకి అరవయ్యో డెబ్బయ్యో తన్నుకి నా ఎడం మోకాల్లో చిటుక్కుమంది. మూడు నెలలు బళ్ళో మేడ మెట్లు ఎక్కలేక కింది తరగతి గది అడిగి తీసుకున్నాను. "అలవాటయితే పోతుంది" అన్నారు అప్పుడు నేర్పినాయన. అలవాటయితే మోకాలే పోయేది.

గరుకు నేల మీద చేయదగ్గ పని ఒకటి ఉంది. చాలా చిన్నది. తన్నేముందు నిలబడబోయే పాదాన్ని ఎత్తి, ముందే వేళ్ళు బయటికి తిప్పి వేసి, అప్పుడు మోకాలు లేపడం. పాదం బరువు లేనప్పుడే తిరిగిపోయింది కాబట్టి బరువు పడ్డాక తిరగాల్సింది కొంచెమే. వేగం కాస్త తగ్గుతుంది, ఎదుటివాడికి కాస్త ముందు తెలిసిపోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ తగ్గే వేగంతో ఏం పని? మోకాలు ముఖ్యం. మొరం నేల మీద వంద తన్నుల లెక్క మాత్రం దయచేసి మానెయ్యండి. అలిసిపోయిన కాలు ముందు మడమ తిప్పడమే మర్చిపోతుంది. నలభయ్యో తన్ను దాటాక మీరు లెక్కపెడుతున్నది తన్నులు కాదు, తప్పులు. లెక్కల టీచర్ని, ఆ మాట చెప్పే అధికారం నాకుంది.

స్ప్లిట్ గురించి కోపంగా రాయకూడదని రెండుసార్లు చింపి రాశాను. గోడకి వీపు ఆనించి పిల్లని కూర్చోబెట్టి, ఇద్దరు పెద్ద పిల్లలు రెండు కాళ్ళూ పట్టుకుని చెరోవైపు నెట్టడం, వెనక నుంచి ఒకరు భుజాల మీద బరువు వెయ్యడం నేను కళ్ళారా చూశాను. ఆ పిల్ల ఏడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అంకెలు లెక్కపెడుతున్నారు. ఆ పిల్ల మా అమ్మాయే. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో తుంటి ఎముకలకి కండరాలు అతుక్కునే చోట్లు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ఒక్కసారిగా గుంజితే కండరం కన్నా ముందు ఎముక ముక్కే ఊడిరావచ్చు. ఆటలాడే ఈడు పిల్లల్లో డాక్టర్లు చూసే గాయమే ఇది. చెమట పట్టాక, క్లాసు చివర్లో, పిల్ల తన బరువుతో తానే దిగి, నొప్పి మొదలయ్యే చోటుకి ఒక వేలు ఇవతల ఆగి, ఊపిరి వదులుతూ ఉంటే చాలు. మిగతాది నెలలు చూసుకుంటాయి. ఎవరి చెయ్యీ ఎవరి కాలి మీదా పడక్కర్లేదు.

మెరుగుపడాలంటే ఏం చెయ్యాలి అని మా క్లాసు తల్లులు నన్నడుగుతారు. నేను చేసిందే చెప్తాను. గోడ పట్టుకోవాలి. నాలుగు లెక్కలు: మోకాలు మడిచి పక్కగా లేపడం, మడమ తిప్పి నడుం తిప్పడం, కాలు చాపడం, మడిచి వెనక్కి తెచ్చుకోవడం. ప్రతి లెక్క దగ్గరా మూడు ఊపిర్లు ఆగాలి. చాపి ఆగడం అన్నిటికన్నా కష్టం, అక్కడే తొడ పక్క కండరం గజగజ వణుకుతుంది. వణికిందంటే పని జరుగుతోందన్నమాట. తర్వాత పక్కన ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని దాని మీదుగా కాలు దాటించాలి. మోకాలు లేవకపోతే కుర్చీ పడుతుంది, కుర్చీ చెప్పినంత నిక్కచ్చిగా ఏ మాస్టారూ చెప్పలేరు. వచ్చిన వైపు పది, రాని వైపు ఇరవై. అంతే. మెల్లగా కొట్టలేనిది గబగబా కొట్టినా రాదు. వచ్చినట్టు కనిపిస్తుంది, అంతే.

పాదంలో ఏ భాగంతో కొట్టాలన్నది కూడా చెప్పి నేర్పండి. పోటీల్లో అందరూ పాదం పైభాగంతో కొడతారు, చాచితే నాలుగు వేళ్ళు దూరం ఎక్కువ వస్తుంది కాబట్టి. ప్యాడ్ మీద బాగానే ఉంటుంది. ఎదుటివాడు మోచెయ్యి దించాడనుకోండి, పాదం మీది సన్నటి ఎముకలు వెళ్ళి దానికి కొట్టుకుంటాయి. పాతవాళ్ళు వేళ్ళు వెనక్కి విరిచి, వేళ్ళ కింది మెత్తతో కొట్టించేవాళ్ళు. ఒయామా మసుతత్సు పెట్టిన క్యోకుషిన్‌వాళ్ళు తొడ మీదకి ముంగాలి ఎముకతోనే బాదుతారు. మూడూ మూడు రకాల పనులు. మా క్లాసులో రెండేళ్ళదాకా ఈ తేడా ఉందని కూడా నాకు తెలీదు.

తల మీదకి తన్నడం నేర్పద్దని నేననను. వచ్చినవాళ్ళకి నేర్పండి, కానీ ఆపడం కూడా నేర్పండి. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో, నిప్పాన్ బుడోకాన్‌లో, 75 కిలోలు పైబడినవాళ్ళ ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. సౌదీ కుర్రాడు తారెగ్ హమెది 4–1తో ముందున్నాడు. గెలిస్తే వాళ్ళ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొదటి బంగారం. కాలు తల వైపు లేచింది, ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. దెబ్బ అదుపు తప్పిందని రిఫరీలు హమెదిని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద వెళ్ళిన మనిషికి బంగారం వచ్చింది. ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ వాదించుకుంటాం. తనేమో హమెది పక్షం. కానీ వాదన ఎటు తేలినా, మన పిల్లలు ఆడేది ఆ రూల్స్ కిందే. కాలు మడిచి వెనక్కి తెచ్చుకోవడం రాని పిల్లకి ఎత్తు నేర్పితే, బ్రేకులు బిగించకుండా బండి తాళం ఇచ్చినట్టే.

ఇంకొకటి, ప్రభుత్వ బడులకి వెళ్ళే మాస్టర్లకు. సమగ్ర శిక్ష పథకం కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకి మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంటుంది. మూడు నెలల్లో, అదీ వారానికి కొన్ని గంటల్లో, చుడీదార్‌లో, బడి గ్రౌండులో, తల ఎత్తు రౌండ్ కిక్ ఎవరికీ రాదు. ముగింపు రోజు ఫోటోకి తప్ప అది వాళ్ళకి ఉపయోగపడదు కూడా. సందులో, చెప్పులు వేసుకుని, బ్యాగు భుజాన ఉన్న పిల్ల ఒంటికాలి మీద నిలబడి కాలు పైకి లేపితే ఆ కాలు పట్టుకోవడం ఎంతసేపు? నేర్పితే తొడ పక్కకి, మోకాలి పైన, ముంగాలితో కొట్టే పొట్టి తన్ను నేర్పండి. కొట్టి పరుగెత్తడం నేర్పండి. గొంతు చించుకుని అరవడం నేర్పండి. మన ఆడపిల్లలకి తన్నడం కన్నా అరవడమే ఎక్కువ కష్టం. "కియాయ్" అనమంటే చేత్తో నోరు మూసుకుని నవ్వుతారు. నేను టీచర్ని, రోజూ చూస్తాను.

మీరు పడే పాట్లు నాకు తెలియనివి కావు. ఫీజు రెండు నెలలు ఎగ్గొట్టి, బెల్టు మాత్రం టైముకి కావాలనే తల్లిదండ్రులు, హాలు అద్దె, పక్క వీధిలో ఏడాదికే బ్లాక్ బెల్టు ఇస్తాననే కొత్త క్లాసు. పిల్ల కాలు ఎత్తుగా లేచిన వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగితే పది అడ్మిషన్లు వస్తాయి; మడమ తిరిగిన వీడియోకి ఒక్కటీ రాదు. అదీ తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఆ తల్లిదండ్రుల్లో నేనూ ఒకదాన్ని. మా అమ్మాయి రౌండ్ కిక్ ఇప్పటికీ భుజం దాటదు. మొన్న ప్యాడ్ పట్టుకుంటే నా మోచేతులు రెండు రోజులు లాగాయి.

వచ్చే నెల మా ఊళ్ళో బెల్టు పరీక్ష ఉంది. వచ్చే మాస్టర్లకు ఒక చిన్న మనవి. టేబులు వెనక కుర్చీలో కాకుండా, పక్కకి వచ్చి నేల మీద కూర్చుని చూడండి. పాదాలు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తాయి. సుద్దముక్కలు బళ్ళోంచి నేను తెస్తాను, కింద పరుచుకోవడానికి దుప్పటి కూడా.

ఇట్లు,
వెనక వరసలో నిలబడే లెక్కల టీచర్